మ్రింగవలసిన మాట

చదువరులకు ముందుగా నొక మనవి. నాకు అక్షరములు అఱువదియవ యేట వచ్చినవి. పురాణపుస్తకములను కూడబలుకుకొని నేర్చినదానను గనుక పాతభాష తప్ప మఱియొకటి నా చేతికి రాదు. ఒత్తులు దీర్ఘములు తప్పినచోట దిద్దికొని చదువుడు. ఈ కొలది పుటలు వ్రాయుటకు నాకు రెండు నెలలు పట్టినది. ఆ ఆలస్యమును కూడ మన్నింపుడు.

ఫాల్గుణమాసము. ఆకులన్నియు రాల్చి నల్లని కొమ్మలతో నిలిచిన మోదుగుచెట్లు నిప్పుకణికలవంటి పూవులను దాల్చి మానేటిగట్టునంతయు నెఱ్ఱజేయుచుండెను. ఎండిన యేటియిసుకలో నొక సన్నని నీటిపాయ దారి మఱచిన ముసలిదానివలె మెల్లమెల్లగ సాగుచుండెను. గట్టునకావల సాలెవాడలో మరమగ్గములు సూర్యోదయము మొదలుకొని తెంపులేక మ్రోయుచుండగా తెల్లని తలపాగయు భుజమున గజ్జెలసంచియు చేత రాగిచెంబును గల డెబ్బదియేండ్ల వృద్ధుడొకడు ఆ వాడలోనికి వచ్చెను. అతని పేరు ఓదేలు.

ఓదేలు వంశము చెప్పువాడు. నలువది యూళ్ల సాలెకుటుంబముల గోత్రములను తరతరముల పురుషుల నామములను ఎవరు ఏయూరినుండి ఎప్పుడు వలసవచ్చిరో ఆ వృత్తాంతమును అతని తండ్రితాతలు కాగితమున గాక కంఠమున దాచుకొని వచ్చిరి. మూడేండ్ల కొకసారి అతడు ఇంటింటి వాకిట గజ్జెలు కట్టి నిలిచి మూలపురుషుడు మొదలుగ నిన్న పుట్టిన శిశువు వఱకు ఆ యింటి పేళ్లన్నియు నేకధాటిగ వల్లించి క్రొత్తగ పుట్టినవారిని చేర్చుకొని పోవును. పెండ్లిమాటలు నడచునప్పుడు రెండు వంశములు కలియునో కలియవో తేల్చునదియు అతడే. ఆ యిండ్లవారిచ్చు పంచెలచాపు భిక్షము గాదు, తరతరముల హక్కైన మిరాసి.

అయితే ఆ విద్యకొక మర్మము గలదు. ఏ వంశమునందైనను వాకిట చెప్పదగని మాటలు కొన్ని యుండును. ఒకనాటి కళంకమో, ఒక దత్తతయో, గోత్రము మాఱిన సంగతియో. ఆ తావునకు వచ్చినప్పుడు చెప్పువాడు ఒక్క క్షణమాగి చెంబునెత్తి గ్రుక్కెడు నీరు త్రాగి తరువాతి పేరునకు సాగిపోవును. వినువారు గొంతు తడుపుకొనెనని యనుకొందురు. అతడు నీటితోడ మాటను మ్రింగును. ఆ మ్రింగిన మాటలను బ్రతుకునందొక్కసారి మాత్రము, వారసుడైన కొడుకునకు మాత్రము, నరుడెవ్వడును వినని తావున పైకి చెప్పవలెను. అట్లు చెప్పక చచ్చినవాని దప్పి పరలోకమందును తీఱదని వారి నమ్మకము. ఓదేలు ఒక్కగానొక్క కొడుకు చిన్ననాడే జ్వరమున పోయెను.

ఆ ఫాల్గుణమున మొదటి వాకిటనే యొక యిల్లాలు చాటలో బియ్యము చెఱుగుచు నవ్వెను.

“తాతా, మావోని పెండ్లికి పిల్ల ఫోన్లనే దొరికింది. గోత్రం సుత గండ్లనే సూసుకున్నం. ఇగ నీకెందుకు యాష్ట?”

“బిడ్డా, మీ తాతకు తాత పేరేందో నీ ఫోన్ జెప్తదా?”

“మా తాత పేరే నాకు యాదిలేదు. ఆయన తాతతోని నేనేం జేసుకోను, కూరండుకుంటనా?”

వాడవారందఱును నవ్విరి. ఓదేలు కూడ నవ్వెను. కాని మూడేండ్లక్రిందట ముప్పది వాకిండ్లలో మ్రోగిన గజ్జెలు ఆనాడు నాలుగింట మాత్రమే మ్రోగెను.

నాలుగవయిల్లు చింతకిందివారిది. ఆ యింటి పెద్ద వీరేశము మరమగ్గములు నడుపువాడు. అతని తమ్ముడు నరహరి పట్టణమున చదివి హైదరాబాదులో పెండ్లిసంబంధములు కుదుర్చు వెబ్‌సైటు నొకదానిని పెట్టినవాడు. ఆనాడు నరహరి యింటనే యుండి చెప్పుట ముగియువఱకు కదలక విని వృద్ధుని చేయిపట్టుకొని యరుగుపై కూర్చుండబెట్టెను.

“తాతా, మా అన్న మగ్గం మీద రేపు ఎవ్వడన్న నేస్తడు. నీ గొంతులున్నది ఇంకెవ్వని తాన లేదు. గీ జమానల తెలిసినోనిదే రాజ్యం. మా ఆఫీసుకొచ్చి మొత్తం జెప్పు. పోకుంట పైలంగ దాస్తం.”

“మొత్తమంటే మొత్తమేనా అయ్యా?”

“ఒక్క ముక్క ఇడ్సిపెట్టకు.”

ఓదేలు రాగిచెంబును ఒడిలోనికి తీసికొనెను. తన వెనుక ఈ విద్య నిలుచునన్న యాస యతని యెండిన గుండెలో తొలకరివాన చినుకువలె పడెను.

హైదరాబాదులో అతని నొక చిన్నగదిలో కూర్చుండబెట్టిరి. గోడలకు దూదివంటిదేదో మెత్తగ నంటించియుండెను. తలుపు మూయగనే లోకధ్వనులన్నియు నాగి తన యుచ్ఛ్వాసము తనకే వినబడెను. ఎదుట నొక నల్లని మైకు తప్ప మఱేమియు లేదు. యంత్రమును సిద్ధపఱచి బయటికి పోవుచున్న యువకుని అతడడిగెను.

“అయ్యా, ఈడ ఎవలన్న ఇంటరా?”

“లే తాతా, ఎవ్వలినరు. నువ్వు జెప్పుకుంట పో, మిషన్ రాసుకుంటది.”

నరుడెవ్వడును వినని తావు. విన్నదానిని మఱవని చెవి. ఎనిమిది దినములు అతడు వాకిట చెప్పినట్లే నీరు త్రాగుచు చెప్పెను. తొమ్మిదవనాడు గజ్జెలు కట్టుకొని మైకునకు కుంకుమబొట్టు పెట్టి చేతులు జోడించి తన తండ్రి తన చెవిలో నూదిన మాటల నన్నిటిని, ఇరువదిమూడు కుటుంబముల మాటలను, ఒక్కటియు విడువక పైకి చెప్పెను. ఆనాటి సాయంకాలము బస్సెక్కినప్పుడతడు తలమీది కట్టెలమోపు దించినవానివలె తేలికగ నుండెను.

యంత్రమేమి చేసెను? వినినదానినంతయు నక్షరములుగ మార్చి యింటిపేళ్ల వరుసను సర్ది, చెప్పినవాని కంఠధ్వనితోసహ సంబంధములు వెదకువారి యెదుట పెట్టెను. అన్ని వేల పేళ్లను చదివి చూచు తీఱిక ఆ కార్యాలయమున నెవ్వరికిని లేకపోయెను. చదువకయే అమ్ముట నేటి విద్యావ్యాపారమునందు తప్పుగ నెంచబడదు. పూర్వము కలిమి యనగ భూమి, పిదప మగ్గము, ఇప్పుడు తెలివి యని పెద్దలందురు. కాని భూమి దున్నినవానిది గానట్లే తెలివియు తెలిసినవానిది గాక పోగుచేసినవానిదయ్యెను. నరహరి పేరు పత్రికలకెక్కెను. ఓదేలు వాకిండ్లలో మిగిలిన నాలుగును మూతపడెను. అతడు చింతింపలేదు. కొడుకునకు పని యప్పగించి యింట కూర్చున్న తండ్రివలె నుండెను.

మఱుసటి వైశాఖమున వీరేశము కూతురు రజితకు పెండ్లి నిశ్చయమయ్యెను. రజిత పదియేండ్లు చదివి, తండ్రి మగ్గములపై నేయబడిన బట్టకు తానే యద్దకములు దిద్దుచు ఇంటికి రెండవచేయి యైన పిల్ల. జగిత్యాలవైపు బట్టలవర్తకులు వరుని వారు. పిల్లకు వరుడు నచ్చెను, వరునకు పిల్ల నచ్చెను. లగ్నము పండ్రెండు దినములున్నదనగా వరుని పెదతండ్రి రాజలింగము నలుగురు పెద్దలతో వచ్చి వాకిట నిలిచి ఫోను చూపెను. చింతకిందివారి వంశమున రజితకు ఏడవతరపు పురుషుడు సాలెబిడ్డ కాడనియు, కరవునాడు బాటప్రక్క నేడ్చుచు దొరికిన యనాథ యనియు, కులగోత్రములెవ్వరికిని తెలియవనియు, బిడ్డ చచ్చిన యొక సాలెయిల్లాలు పాలిచ్చి పెంచెననియు అందు వ్రాసియుండెను.

నరహరి ఆ వాక్యమును గడియలోనే తుడిచివేసెను. కాని యది యప్పటికే వందల చేతులకు ప్రాకియుండెను. ఓదేలును పిలిపించిరి. పెద్దల యెదుటికి రాకముందే వీరేశము అతనిని మగ్గములచాటునకు తీసికొనిపోయి రెండుచేతులు పట్టుకొనెను.

“ఓదేలు మామా, ఒక్క మాట. తప్పు జెప్పిన అను. గంతే. నా బిడ్డ పెండ్లి నిలవడ్తది.”

ఓదేలు మగ్గమున కానుకొని నిలిచెను. తన వంశమున నెవ్వడును చెప్పినమాట తప్పనలేదు. మాటను మ్రింగవచ్చును, మార్చరాదు. ఒక్కటి యబద్ధమన్నచో నలువది యూళ్లలో తండ్రితాతలు చెప్పినదంతయు నబద్ధమగును. మఱి యటువైపు తలుపుసందున పసుపుకొట్టిన చేతులతో నిలిచియున్న పిల్ల గలదు. అతడు తలపాగ సవరించుకొని వాకిటికి వచ్చెను.

“అయ్యలారా, అది అబద్ధం. ముసలోన్ని. మతిదప్పి ఏదో వాగిన.”

రాజలింగము చిఱునవ్వు నవ్వెను.

“అట్లనా? మస్తుగున్నది తాతా. అయితే గీ గొంతెవలిదో జర ఇని జెప్పు.”

అతడు ఫోనును అరుగుపై పెట్టి నొక్కెను. మొదట గజ్జెలు మ్రోగెను. పిదప ఆ వాకిట నేడుతరములవా రెన్నడును విననట్టి నిండుకంఠముతో ఓదేలు మాటాడెను.

“కొడుకా, ఇగ ఇను. మా నాయిన నాకు జెప్పిండు, నేను నీకు జెప్తున్న. చింతకిందోల్ల ఇంట్ల ఇదొక్క మాట మింగాలె…”

కొడుకులేని వాడు ఎవనిని కొడుకా యని పిలుచుచున్నాడో తెలిసినవారందఱును తలలు వంచిరి. ఫోను చెప్పుచునే యుండెను. దానినాపుటకు రాజలింగమునకును చేయి రాలేదు. మాట ముగియువఱకు ఓదేలు నిలిచి విని పిదప వాకిటనే కూలబడెను.

“గీ బద్మాష్ యవ్వారం మాతోని గాదు గని, మేం పోతం వీరేశం,” అని రాజలింగము వెనుదిరిగెను. వెంట వచ్చి వీధిలో కారున కూర్చున్న వరుడు దిగనేలేదు.

తక్కిన యిరువదిరెండు కుటుంబముల మాటలును ఒక్కొక్కటిగ బయటపడెను. తనయింటి మచ్చను దాచుకొనుటకొకడు, పొరుగింటి మచ్చను వెదకుట కొకడు రాత్రింబవళ్లు ఆ వెబ్‌సైటునే చూచిరి. ఆ నెలలోనే చూచువారు పదింతలైరట. నరహరి యొకనాడు వచ్చి “తాతా, నేను గంత దూరం ఆలోచన జెయ్యలే” అని తలవంచుకొని నిలిచి పోయెను. ఓదేలు అతనిని నిందింపలేదు. ఆ దినము మొదలు ఓదేలు వంశము చెప్పలేదు. తన వంశమును కూడ చెప్పుకొనలేదు.

ఆషాఢమున ముసురు పట్టిన యొక మధ్యాహ్నము రజిత ఒక్కతెయే ఊరిచివరనున్న అతని గుడిసెకు వచ్చెను. ఓదేలు లేవబోయి ఆమె కాళ్లమీద పడబోయెను. ఆమె వెనుకకు జరిగెను.

“మొక్కకు తాతా. పెండ్లి పోయింది గని పాణం పోలే. నాన్న నాతోని మాట్లాడ్తలేడు, గది సుత ఎప్పుడో అయితది. నాకొక్కటి జెప్పు.”

“అడుగు బిడ్డా.”

“సచ్చిన తన బిడ్డను బొందవెట్టి వొచ్చుకుంట, బాటపొంటి ఏడ్సే పిలగాన్ని ఎత్తుకొని రొమ్మిచ్చింది సూడు. ఆమె పేరేంది?”

ఓదేలు కన్నులు మూసికొనెను. మూలపురుషుని మొదలుకొని పెదవులు కదలసాగెను. ఒకని కొడుకొకడు, వాని కొడుకొకడు. ఆ కరవునాటి పురుషుని పేరు వచ్చెను, అతడెక్కడనుండి వలసవచ్చెనో వచ్చెను, అతనికెన్ని మగ్గములుండెనో వచ్చెను. మఱల మొదటినుండి ప్రారంభించెను. మఱల నా తావుననే నిలిచిపోయెను.

“ఆడోల్ల పేర్లు మా చెప్పుట్ల ఉండయి బిడ్డా,” అనెను. “మా నాయిన నాకు జెప్పలే. ఆయన నాయిన ఆయనకు జెప్పలే.”

“ఫోన్ల సుత లేదు తాతా. మొత్తం ఎతికిన. ఆయన పేరు పక్కన ఉత్త డబ్బ ఉన్నది, ఏం రాసి లేదు.”

వాన గుడిసెపై పడుచుండెను.  ఆ బిడ్డను దాచిన మాట ఏడుతరములు కంఠమున దాగి ఒక్కనాట లోకమంతయు ప్రాకెను. ఆ బిడ్డను బ్రతికించిన చేతుల పేరు మాత్రము దాచినవారును లేరు, బయటపెట్టినవారును లేరు. నలువది యూళ్లను మోసిన కంఠమునందు ఆమె లేదు. సమస్తము తెలిసినదని లోకము పొగడు ఆ వెబ్‌సైటు వలయందును ఆమె లేదు. ఎవరి పాలవలన నా వంశము నిలిచెనో ఆమె చోట నొక ఖాళీగడి మాత్రము వెలుగుచుండెను.

ఇట్లు,
బొల్లం కొమురవ్వ
వయస్సు డెబ్బదిమూడు
ఇప్పుడుండునది సిరిసిల్లలో, చిన్నబిడ్డ యింట