రెండో అంతస్తు, వెనక గది

మంగళవారం ఉదయం పదకొండుంపావుకి ఆండాళ్ కంప్యూటర్ మీద ఆమె పేరే వచ్చింది. పై వరసలో భర్త వరప్రసాద్, ఆర్.కె. పురం, ప్రభుత్వ క్వార్టరు. కింది వరసలో ఆండాళ్, బేర్ సరాయ్, రెండో అంతస్తు, వెనక గది. రెండు వరసల్లోనూ ఫోన్ నంబరు ఒకటే. ఈ ఇద్దరిదీ ఒకే ఇల్లా, వేర్వేరు ఇళ్ళా అని తెర అడుగుతోంది.

ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. పక్కన పళ్ళెంలో సగం చిక్కుడుకాయలకు ఈనెలు తీసి ఉన్నాయి.

బేర్ సరాయ్‌లో ఆమెకు గది లేదు.

గుర్గావ్‌లో ఇంటి సామాను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కంపెనీకి ఆండాళ్ ఇంటినుంచే పనిచేస్తుంది. చిరునామాలు సరిచూసే పని. కొనేవాళ్ళు పిన్‌కోడ్ కొడితే ఆ పోస్టాఫీసు కిందికొచ్చే పేటలు తెర మీదికి దిగుతాయి. పేట నొక్కితే గల్లీలు, గల్లీ నొక్కితే ఇంటి నంబర్లు. అందులోంచి తమ ఇల్లు ఏరుకోవాలి. చాలామంది ఏరుకోరు. హనుమాన్ మందిరం వెనక, పాలబూత్ పక్క గేటు, కుక్క ఉంటుంది, అని రాస్తారు. ఇల్లెక్కడ అని అడిగితే మనుషులు దారి చెబుతారు. ఆ దారి ఏ నంబరు దగ్గర ఆగుతుందో తేల్చడం ఆండాళ్ పని. తేలకపోతే ఫోన్ చేస్తుంది. ఎక్కువగా ఆడవాళ్ళే ఎత్తుతారు. ఏ మెట్లు, ఏ తలుపు, బెల్ మోగుతుందా లేదా, అంతా వాళ్ళే చెబుతారు. ఆఖర్న ఎవరి పేరు రాయమంటారని అడిగితే ‘హజ్బెండ్ కా నామ్ లిఖ్ దీజియే’ అంటారు, భర్త పేరే రాయమని.

ఒకే ఇంటివాళ్ళని తేలితే రెండు రికార్డులనీ కలిపేయాలి. దానికి మెర్జ్ అని బటన్ ఉంటుంది. ముందు తెరిచిన రికార్డు మిగులుతుంది, వెనకది అందులో కలుస్తుంది. ముందు తెరిచింది సాధారణంగా భర్తే అయివుంటాడు. కాబట్టి ఆండాళ్ ఆ బటన్ నొక్కినప్పుడల్లా ఒక భార్య పేరు తెర మీంచి పోతుంది. కొత్తలో ఆమె ఆ పేర్లు చదివేది. తర్వాత మానేసింది.

భర్త రికార్డులోకి తన నంబరు ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. వరప్రసాద్‌కి ఆఫీసులో మీటింగులుంటాయి, కొరియర్ వాళ్ళ ఫోన్లు ఎత్తడు. “నీ నంబరు ఇచ్చేశాను. ఇంట్లో నువ్వుంటావుగా,” అన్నాడు. ఏ ఇంటినుంచి ఉద్యోగం చేస్తోందో ఆ ఇంటి తలుపు కూడా ఉద్యోగంలో చేరింది. బెల్ మోగగానే కస్టమర్ని ఆగమని లేచి వెళ్ళేది. కొరియర్ అతను ఆమె ముఖం చూసి, పేరు అడక్కుండా ఫోన్‌లో నింపుకునేవాడు. అందుకున్నవారు, భార్య.

ఇక కింది వరస ఆమే రాసింది. మార్చిలో పిన్‌కోడ్ పద్ధతి కొత్తగా పెట్టినప్పుడు, ఏదో ఒక పేరుతో, ఏదో ఒక చిరునామాతో నాలుగైదు రికార్డులు రాసి చూసి చెరిపేయమని టీమ్ లీడ్ నిరంజన్ చెప్పాడు. ఆండాళ్ బేర్ సరాయ్ పిన్‌కోడ్ కొట్టింది. మునిర్కా వైపు బస్సులో వెళ్ళేటప్పుడు ఆ మేడల వెనక భాగాలు కనిపిస్తాయి. ఒక్కో కిటికీలో ఒక బల్ల, ఒక దీపం, ఒక్క మనిషి. గల్లీలు దిగాయి, నంబర్లు దిగాయి. ఒక నంబరు నొక్కింది. తెర అంతస్తు అడిగింది, ఆమె రెండు అంది. గది అడిగింది, వెనకది అంది. పేరు అడిగింది. మిగతా రికార్డులన్నీ ఆ సాయంత్రమే చెరిపింది. ఇది చెరపలేదు.

గిన్నెలు కడిగేటప్పుడు ఆ నీళ్ళ చప్పుడులో ఆమె ఆ మెట్లెక్కేది. మొదట్లో గదిలో ఏమీ లేదు, గచ్చు, గోడలు అంతే. ఏప్రిల్‌లో బల్ల వచ్చింది. అది ఎవరు మోసుకొచ్చారో ఆమె ఆలోచించలేదు. తూర్పున కిటికీ ఉంది, తర్వాత దానికి ఒక గొళ్ళెం వచ్చింది. వర్షాలు మొదలయ్యాక పక్క దండెం మీద ఒక చీర ఆరుతుండేది. అత్తగారు హాల్లోంచి పిలిచేవారు. ఆండాళ్ ఆ పిలుపు మెట్ల కిందనుంచి వస్తున్నట్టు వినేది, అందులో తన పేరు ఉందో లేదో తెలిసేది కాదు. కుక్కర్ మూడో కూత వేసేలోగా వెనక్కి వచ్చేసేది. ఆ గదిలో తను ఏమీ చేస్తున్నట్టు కనిపించకపోవడం ఆమెకే వింతగా ఉండేది. రాయదు, చదవదు, పాడదు. బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరూ బల్ల ఖాళీ చెయ్యమనరు.

ఇక్కడ అంటారు. “అమ్మాయ్, ఆ కంప్యూటర్ పెట్టె కాస్త తీస్తే పళ్ళెం పెట్టుకుంటాను,” అని అత్తగారు పన్నెండింటికి. “మమ్మా, టేబుల్ ఖాలీ కరో నా,” అని స్కూలు నుంచి వచ్చిన వైశాలి. ఇంటికొచ్చిన స్నేహితులతో వరప్రసాద్, “ఏదో కాలక్షేపానికి చేస్తుందండీ, ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని,” అన్నాడు. అప్పుడామె వాళ్ళకు పకోడీలు తెచ్చి పెడుతోంది. ఊరికే కూర్చున్న మనిషి ఎవరా అని ఒకసారి చుట్టూ చూసింది.

ఆమె నిరంజన్‌కి ఫోన్ చేసింది. అతను కరీంనగర్ కుర్రాడు, ఆమెకంటే పదేళ్ళు చిన్న.

“నిరంజన్, నా పేరే వచ్చింది నాకు. నాది నేనే తేల్చకూడదేమో.”

అతను తన తెర మీద తెరిచి చూశాడు. “గదేముందక్కా. మీది, సార్‌ది ఒకటే ఇల్లు గదా. మెర్జ్ కొట్టేయుండ్రి.”

“కొడితే?”

“మీ పేరు సార్ రికార్డుల కలుస్తది. ఆ అడ్రస్ సార్ కింద పడ్తది. ఇగ ఏ మెసేజన్నా సార్ పేరు మీదనే వస్తది.”

“విడిగా ఉంచితే?”

“నిజంగ ఉన్నరా లేరా అని కంపెనీ నుంచి ఆ అడ్రస్‌కు ఒక ప్యాకెట్ పోతది. మీకెర్కే గదా. ఆ పేరున్న మనిషే ఆ ఇంట్ల ఉండి తీస్కోవాలె. లేకుంటే రికార్డే పోతది. తేల్చేది మీరు గాదక్కా, ప్యాకెట్.” మళ్ళీ ఆ వరస చదివాడు. “ఇంతకీ బేర్ సరాయ్‌ల ఎవరుంటరక్కా?”

“ఇంకా తెలీదు,” అంది ఆండాళ్.

అతను నవ్వాడు. “రేపు సాయంత్రం దాంక టైమున్నది. తర్వాత సిస్టమే కలిపేస్తది.”

బుధవారం అత్తగారు భోంచేసి నడుం వాల్చాక ఆండాళ్ చెప్పులేసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కింది. గల్లీలోకి ఆటో వెళ్ళదు. దిగి నడిచింది. పుస్తకాల కొట్లు, టిఫిన్ మెస్, జిరాక్స్ మిషన్ల వేడి. తలపైన కరెంటు తీగలు. తను నొక్కిన నంబరు ఒక గేటు పక్క నీలం రంగుతో రాసి ఉంది. ఆమె దాని ముందు నిలబడింది. ఇన్ని నెలలూ ఆ ఇల్లు ఇక్కడే ఉందన్న సంగతి, తను గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా ఉందన్న సంగతి, నీళ్ళలోంచి తేలినట్టు నెమ్మదిగా పైకి వచ్చింది.

కింద జిరాక్స్ షాపు. పక్కన ఇనప మెట్లు. మెట్ల దగ్గర నులక మంచం మీద ఇంటి యజమానురాలు బఠానీలు ఒలుస్తోంది. ఆండాళ్ అడిగితే, రెండో అంతస్తులో వెనక గదిలో ఉన్న అమ్మాయి పరీక్షలు అయిపోయి పోయిన వారమే వెళ్ళిందని చెప్పింది.

“బచ్చే కే లియే చాహియే?” అందావిడ. చదువుకునే పిల్లలు అద్దెకుండే ఆ గల్లీకి ఈ వయసు ఆడవాళ్ళు వాళ్ళ కోసమే వస్తారు.

“నహీ ఆంటీ. మేరే లియే.”

బఠానీ చేతిలోనే ఆగింది. “ఆప్ పఢ్‌తీ హో?” ఈ వయసులో చదువా అని ఆవిడ అనుమానం.

“కామ్ కర్తీ హూఁ. దిన్ మే ఆవూంగీ, షామ్ కో జావూంగీ.” పనికోసం పగలు వచ్చి సాయంత్రం వెళ్ళిపోతానంది.

ఆవిడ ఆమెను చెప్పులనుంచి బొట్టు దాకా చూసింది. మొగుడికి తెలుసా అని అడుగుతుందనుకుంది ఆండాళ్. “దిన్ మే పానీ నహీ ఆతా,” అని, పగలు నీళ్ళు రావని హెచ్చరించి, నెల అద్దె తీసుకుని తాళం చెవి ఇచ్చింది.

కిటికీ తూర్పున లేదు, పడమరనుంది. అందులోంచి నల్లటి నీళ్ళ ట్యాంకులు, వాటి పైన విమానాశ్రయం వైపు దిగుతున్న విమానాలు కనిపించాయి. బల్ల లేదు. గోడకు ఎవరో అంటించిన టైంటేబుల్ చింపగా మిగిలిన మూల ఒకటుంది. కిటికీకి గొళ్ళెం ఉంది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, కాఫీ కలిపిచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ‘వేర్వేరు ఇళ్ళు’ అన్నది నొక్కింది. ప్యాకెట్ శుక్రవారం వస్తుందని తెర చెప్పింది.

గురువారం రాత్రి భోజనాల దగ్గర వరప్రసాద్ అన్నాడు. “రేపు మూడింటికి ఏసీ అతను వస్తాడు, సర్వీసింగ్‌కి. నీ నంబరిచ్చాను. నువ్వుంటావుగా.”

“ఉండనండి.”

“ఎక్కడికెళ్తావ్?”

“బేర్ సరాయ్. అక్కడ గది తీసుకున్నాను.”

“ఎవరికి?”

“నాకు.”

వైశాలి ఫోన్‌లోంచి తలెత్తింది. వరప్రసాద్ చేతిలో ముద్ద అలాగే ఉంది. “నీకా? ఇంత ఇల్లు పెట్టుకునా?”

“పనికి. పగలు వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాను. ఈ ఇంట్లో నా బల్ల ఏదండీ?”

“ఇదేగా,” అని అతను ఎడం చేత్తో బల్ల మీద కొట్టాడు. చారు గిన్నె మూత కదిలింది. బల్ల మీద నలుగురి కంచాలు, మంచినీళ్ళ చెంబు, ఆవకాయ జాడీ, అత్తగారి మందుల డబ్బా, అతని కళ్ళజోడు ఉన్నాయి. అతను కూడా వాటి వంక చూశాడు.

“మరి నాలుగింటి కాఫీ?” అన్నారు అత్తగారు.

“నానమ్మా, మై బనా దూంగీ,” అంది వైశాలి, తను కలిపిస్తానని.

“బావుంది. నలుగురూ అడిగితే ఏం చెప్పమంటావు?” అన్నాడు వరప్రసాద్.

“ఆఫీసుకెళ్ళిందని చెప్పండి.” ఆమె అతనికి మజ్జిగ వెయ్యబోయి, గరిటె అతని వైపు తిప్పి గిన్నెలో పెట్టేసింది.

శుక్రవారం రెండింటికల్లా ఆండాళ్ ఆ గదిలో ఉంది. జిరాక్స్ షాపతను ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చాడు. కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుంది. విమానం ఒకటి ట్యాంకుల మీదుగా దిగింది. దాని చప్పుడు కాసేపటికి గదిలోకి వచ్చి, గోడలు తాకి, వెళ్ళింది. ఇంకొకటి దిగింది. వంటింట్లో ఈ గది ఉన్నట్టే, ఈ గదిలో ఇప్పుడు వంటింటి నీళ్ళ చప్పుడు ఎక్కడో ఉంది. ఆమె దాన్ని కాసేపు విని, వదిలేసింది. కొంగు మోకాలి మీద ఆరవేసినట్టు పడి ఉంది. ఒకవేళ ప్యాకెట్ రాకపోతే, అని ఒకసారి అనుకుంది. రాకపోతే ఈ చిరునామాలో ఆమె లేనట్టే.

మూడు దాటాక ఫోన్ మోగింది. ఏసీ అతను, క్వార్టరు గేటు దగ్గరున్నాడు.

“బెల్ కొట్టండి భయ్యా, లోపల అమ్మగారున్నారు,” అని హిందీలో చెప్పి పెట్టేసింది.

మళ్ళీ మోగింది. వరప్రసాద్. ఆమె అతని పేరు చూస్తూ ఉండగానే దాని కింద తెలియని నంబరు ఒకటి వచ్చింది. ఫోన్ రెండు వరసలూ చూపించి ఏది కావాలని అడిగింది. ఆమె కింది నంబరు నొక్కింది.

“మేడమ్, కొరియర్. గల్లీ మే హూఁ. ఘర్ కహాఁ హై?”

ఇంటి నంబరు ఆమెకు నోటికి వచ్చు. “మెస్ బోర్డు దగ్గర ఎడమకి తిరగండి,” అంది హిందీలో. “జిరాక్స్ షాపు వస్తుంది. దాని పక్కన ఇనప మెట్లు. రెండో అంతస్తు, వెనక తలుపు. బెల్ మోగదు, తలుపు కొట్టండి.”

మెట్ల మీద బూట్ల చప్పుడు వచ్చింది. తలుపు కొట్టకముందే ఆమె తీసింది. అతను ప్యాకెట్ మీద పేరు చదివి ఆమె వంక చూశాడు. “ఆండాళ్ జీ కౌన్?”

“మై.”

కోడ్ అడిగాడు, చెప్పింది. అతను ఫోన్ నొక్కుతూ, అలవాటు కొద్దీ అడిగాడు. “రిలేషన్?”

“ఖుద్,” అంది.

అతను దిగి వెళ్ళాక ఆమె కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచింది. వరస మారి ఉంది. సమయం మూడూ ఇరవై రెండు. చిరునామా బేర్ సరాయ్, రెండో అంతస్తు, వెనక గది. అందుకున్నవారు ఆండాళ్. సంబంధం, స్వయం.