తాకిందెవరో అడగని అద్దం

నేను ఒక అద్దాన్ని. ముఖం చూసుకునే అద్దాన్ని కాను, ఆ పనికి వేరేవాళ్లున్నారు. నేను మీ వేలిని గుర్తుపట్టే అద్దాన్ని. టచ్ స్క్రీన్ అంటారు నన్ను. మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో, బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే మిషన్ నుదుటి మీద నా కాపురం. కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఓర్చుకోండి. ఇంత పని చేసి కూడా చెప్పుకోకపోతే ఎలా?

ఇసుకను కరిగించి పలకగా పోస్తే నేనయ్యాను. నా ఒంటి మీద కంటికి ఆననంత పలచగా ఒక పూత పూశారు. దాన్ని నిలువు గీతలుగా, అడ్డ గీతలుగా తీర్చారు. గళ్ల లుంగీని తలచుకోండి, అలాగన్నమాట. కాకపోతే నా గళ్లు ఎవరికీ కనపడవు. ఆ గీతల దగ్గర ఎప్పుడూ పిసరంత కరెంటు కాచుకుని ఉంటుంది. మనిషి ఒళ్లు కరెంటును పోనిచ్చేదే కదా! వేలు దగ్గరికి రాగానే ఆ పిసరులో కొంత అటు మళ్లుతుంది. ఏ నిలువు గీత దగ్గర తగ్గింది, ఏ అడ్డ గీత దగ్గర తగ్గింది అని నా వెనకున్న చిప్ చూసుకుంటుంది. ఆ రెండూ కలిసే గడిలోనే మీ వేలుంది. అంతే. బలం అక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. వేలు ఆనితే చాలు, పలుకుతాను.

ఈ సంగతి సైదులుకు ఎవరూ చెప్పలేదు పాపం. అతను నా మొదటి ఆపరేటరు. ఇరవై ఏళ్లు చక్రాలు తిప్పి, హ్యాండిళ్లు లాగి బతికినవాడు. నన్ను గోటితో పొడిచేవాడు, పెన్ను మూతతో కుట్టేవాడు. నేను పలక్కపోతే పిడికిలితో ఒక్కటిచ్చేవాడు. "ఇది చెవిటిది సేటూ!" అని యజమాని వీరేశం సేటుకు ఫిర్యాదు. నేనా చెవిటిదాన్ని! గోటికీ ప్లాస్టిక్ మూతకీ కరెంటు లాక్కునే గుణం లేకపోతే అది నా తప్పా? రోషమొచ్చినా నోరు లేదు, ఊరుకున్నాను.

తర్వాత స్వరూప వచ్చింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, ఉద్యోగం దొరక్క అదే మిల్లులో బియ్యం సంచుల మూతులు కుడుతున్న పిల్ల. సైదులు రాని రోజున ఊరికే వేలు ఆనించి చూసింది. నేను పలికాను. ఆమె నవ్వింది. వారం తిరిగేసరికి నా పేజీలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. సేటు సగం మనసుతోనే కుర్చీ ఇచ్చాడు. "సూద్దాం పిల్లా. ఒక్క లోడు ఖరాబైనా మళ్ల సూది పట్టుకోవాలె, తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. పొద్దున రాగానే మెత్తటి గుడ్డతో నన్ను తుడిచి, ఆ తర్వాతే మొదటి మీట తాకేది.

అలా దసరా వచ్చింది, ఆయుధపూజ. మిల్లులో మోటార్లకూ బెల్టులకూ కాటాకూ అన్నింటికీ బొట్లు పెట్టారు. సేటు తల్లి అండాళమ్మ గంధం పలచగా కలిపి తెచ్చి నాకు మూడు వేళ్ల వెడల్పున పట్టీ దిద్దింది, దాని మీద కుంకుమ. నేను మురిసిపోయాను. ఆ తర్వాత ఆమె కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు మామిడాకుతో నా మీద చిలకరించింది. చిక్కు అక్కడే మొదలైంది.

బొట్టు పడింది సరిగ్గా పదును పెంచే మీట మీద. పదును అంటే, ఎంత చిన్న మచ్చ ఉన్న గింజను బయటికి తోసెయ్యాలో చెప్పే అంకె. అది నలభై దగ్గరే ఉండాలి. ముహూర్తం చూసి మిషన్ తిప్పారు. తిప్పాక మొదటి లోడు పూర్తయ్యేదాకా ఆపకూడదని ఆ ఇంటి ఆచారం. బియ్యం జలజలా దిగుతోంది. కొబ్బరినీళ్లతో నానిన గంధం మెల్లగా కిందికి కారి, నా అంచున ఉన్న ఇనుప చట్రాన్ని తాకింది. అంతే, అంకె కదిలింది. నలభై ఐదు, యాభై, అరవై! తెల్లటి మేలు బియ్యం కూడా పనికిరాని గింజల గొట్టంలోకి ఎగిరిపోతోంది.

"ఏం ముట్టినవ్ పిల్లా?" అని సేటు అరిచాడు.

"నేను ముట్టలే సేటూ!" స్వరూప రెండు చేతులూ పైకెత్తి చూపించింది. అంకె డెబ్బై దాటింది. హమాలీలు గుడ్లప్పగించారు. ఒకాయన తలగుడ్డ తీసి, "అమ్మోరు తల్లే ముట్టింది!" అంటూ దండం పెట్టాడు. వెనకాలే పదిమంది పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది. మరుక్షణం స్వరూప ముఖం చూసి సిగ్గుపడ్డాను.

ఆమె తగ్గించే మీట మీద వేలు పెట్టింది. నేను పలకలేదు. ఏం చేయను? ఒకసారికి ఒక్క వేలి మాటే వినమని నాకు నేర్పారు. ముందొచ్చిన వేలు ఇంకా తియ్యలేదని నా లెక్క. తాకిందెవరని నేను అడగను, రాజైనా కూలీ అయినా నాకొకటే. ఆ గుణమే నా గొప్ప అనుకునేదాన్ని. ఆ రోజు అదే ఆ పిల్ల కొంప ముంచేలా ఉంది.

"ముందే చెప్పిన సేటూ, నా మాట ఇనకపోతివి. జరుగు పిల్లా, నేను చూస్త" అని సైదులు ముందుకొచ్చి మళ్లీ గోటితో పొడిచాడు. ఎనభై.

"లే స్వరూపా. పొయ్యి సూది పట్టుకో" అన్నాడు సేటు.

ఆమె లేవలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి, అయినా లేవలేదు. వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా నన్ను చూసింది. ఇన్నేళ్లలో నన్ను అలా చూసినవాళ్లు లేరు. "సేటూ, ఈ తడి తుడువాలె" అంది.

"పండుగనాడు బొట్టు తుడుస్తవా? బుద్ధున్నదా నీకు?"

ఆమె సేటును వదిలేసి అండాళమ్మ వైపు తిరిగింది. "అమ్మా, బొట్టు జోలికి నేను పోను. కిందికి కారింది సూడు, ఇనుము దాక పోయింది. ఇనుముకు ఎర్తింగ్ ఉన్నది, కరెంటును భూమిలకు గుంజుతది. గందుకే ఈ గంధం మనిషి వేలు లెక్క పనిచేస్తున్నది. ఇనుము కాడ ఇంచు మందం తుడుస్త, గంతే. బొట్టు బొట్టు లెక్కనే ఉంటది."

అండాళమ్మ బొట్టును చూసింది, ధారను చూసింది, గొట్టంలోకి పోతున్న బియ్యాన్ని చూసింది. "తుడువు" అంది.

స్వరూప చున్నీ కొంగుతో చట్రం దగ్గర ఒక్క ఇంచు తుడిచి ఆరబెట్టింది. ఇనుముతో చుట్టరికం తెగింది. నా మీద ఇక ఏ వేలూ లేదు. తొంభై రెండు దగ్గర అంకె ఆగింది. ఆమె తగ్గించే మీట తాకింది. ప్రాణం లేచొచ్చినట్టు పలికాను నేను! ఎనభై, అరవై, నలభై. వృథాగా పోయిన బియ్యాన్ని మళ్లీ పైనుంచి పోశారు. మొదటి లోడు మల్లెపూవులా దిగింది. నుదుట బొట్టు నుదుటనే ఉంది. సైదులు తన గోటిని ఒకసారి చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

రెండో లోడు తిప్పాలి. సేటు గొంతు సవరించుకుని, "కానియ్ బిడ్డా" అన్నాడు. అప్పటిదాకా పిల్లా అన్న మనిషి!

స్వరూప వేలు చాచబోతే అండాళమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు. అన్నిటికి బొట్టు పెట్టిన, అసలు ఆయుధాన్ని మర్సిన" అంటూ గంధం గిన్నెలో వేలు ముంచి, స్వరూప చూపుడువేలికి పట్టీ దిద్ది, కుంకుమ అద్దింది. స్వరూప వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే వేలు నా దాకా తెచ్చి, టక్కున ఆపేసింది.

"ఆరనియ్యుండ్రి అమ్మా" అంది.

సేటు, సైదులు, హమాలీలు, బయట లారీ డ్రైవరు, అంతపెద్ద మిల్లు మొత్తం ఆ వేలు ఆరేదాకా నిలబడింది. నేనూ కాచుకున్నాను, నా గీతలన్నీ మేలుకొని.