కిటికీలు లేని ఇళ్లు

సన్నకత్తితో అట్టను గీసి, గీత వెంట మడిచి, ఆ అంచును పెదవికి ఆనించి చూసుకున్నాడాయన. అంచు గరుకుదనం వేలికంటే పెదవికే బాగా తెలుస్తుంది. పైగా ఆయన చూపుడువేలి కొసన జిగురు పొరలుపొరలుగా ఎండి మేకగిట్టలా గట్టిపడింది. వేడిదేదో చల్లనిదేదో ఆ వేలికి తెలియదు. వంగి వంగి మెడ ఓ పక్కకు ఒరిగిపోయింది. రోడ్డు మీద నడుస్తున్నా ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టే ఉంటాడు.

ఆఫీసులో అందరూ అట్టల బాబాయి అంటారు. కట్టబోయే భవనాలకు ముందుగా అట్టతో నమూనా చేయడం ఆయన పని.

ఇవాళ బల్ల మీద ఉన్నది ఆయన కాపురముండే పేటే. నగరం నడిబొడ్డున ఇరుకు సందులు, వాటి మధ్య మూతపడిన నూలు గోదాము. దాన్ని పడగొట్టి అపార్టుమెంట్లు కడతారు. పాత పేట కాబట్టి కొత్త కట్టడం దానికి అతికినట్టుండాలి. నమూనా చూసి పేటవాళ్లు సరేనని చేతులెత్తితేనే అనుమతి.

మొదట ఆఫీసులో డ్రాయింగులు వేసే అమ్మాయి చాలా రోజులు ఆ సందుల్లో తిరిగింది. నాలుగంతస్తులు చాలంది. పై రెండింటినీ సందు మీంచి వెనక్కి జరిపింది, ఎదుటి ఇళ్లకు ఎండ తగలాలని. ఆ ఎదుటి ఇళ్లలో ఒకదాని మేడగదిలో ఆయనా భార్యా అద్దెకుంటారు. కిటికీ దగ్గరే ఆమె కుట్టుమిషను. చూపు తగ్గింది, నల్లగుడ్డ మీద నల్లదారం నడపాలంటే ఆమెకు ఎండ కావాలి, దీపం చాలదు. ఆ నాలుగంతస్తుల బొమ్మ చేస్తున్నప్పుడు ఆయన, ఎన్నడూ లేనిది, ఈల వేశాడు.

తర్వాత బిల్డరు వచ్చాడు. నాలుగు ఆరయ్యాయి. వెనక్కి జరిగినవి ముందుకొచ్చాయి. అమ్మాయి గీసిన కమానులు, ఇటుకరంగు, చెక్క కటకటాలు మాత్రం అలాగే ఉంచారు. పేటకు అతకాలి కదా.

ఆఫీసు పెద్ద సారు వచ్చి బల్ల చుట్టూ తిరిగాడు.

"ఏంటి బాబాయ్, ఇది మరీ తాడిచెట్టులా ఉందే?"

"ఆరంతస్తులు కదండీ."

"అది నాకూ తెలుసులే. చుట్టుపక్కల ఇళ్లే కుంగిపోయినట్టున్నాయి. వాటి కింద తలా ఓ అట్టముక్క తగిలించు, లేచి నిలబడతాయి."

"ఉన్న ఎత్తే కట్టానండీ."

"ఎవడొచ్చి కొలుస్తాడు? నీ చేత్తో కట్టావంటే చాలు, మీవాళ్లు కళ్లకద్దుకుంటారు." భుజం తట్టాడు. "సాయంత్రం పేటవాళ్ల సభలో నువ్వూ ఉండు. నీ మొహం చూస్తే నమ్మకం."

ఆయనకు కాదనడం రాదు. ఊళ్లో ఇల్లు తన పేర రాయించుకుంటానని తమ్ముడన్నప్పుడూ కాదనలేదు. పిల్లలు లేరు. ఎవరి బిడ్డనైనా తెచ్చి పెంచుకుందామని భార్య అడిగినప్పుడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయన ఏదో ఒకటి అంటాడని ఎదురుచూస్తుండగానే ఆమెకు వయసు మీరింది.

ఒక్కో ఇంటినీ పీకి, కింద ముక్క అతికి, మళ్లీ నిలబెట్టాడు. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగింది. కాసేపు ఆగి, కోసింది.

సాయంత్రం బడి హాల్లో నమూనా చుట్టూ పేటంతా మూగింది.

"మా ఇల్లేది? ఈ సబ్బుబిళ్లేనా?" అన్నాడు కిరాణా కొట్టాయన.

"సబ్బుబిళ్లే. అందుకే నీ కొట్టుకంటే శుభ్రంగా ఉంది," అంది ఇస్త్రీ ఆవిడ. అందరూ నవ్వారు.

భార్య జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. మెడలో కళ్లజోడు తాడు సర్దుకుని వంగి చూసింది.

"ఏమండీ, మన కిటికీ ఏది?"

"పెట్టరు."

"మనకేనా?"

"పక్క ఇళ్లు వేటికీ పెట్టరు. చూపు కొత్తదాని మీదే ఉండాలని. అది మా పనిలో రివాజు."

ఆమె ఇంకా కిందికి వంగి, కళ్లను అట్టల ఎత్తుకు తెచ్చి, తమ ఇంటినీ ఎదుటి కమానులనూ మార్చి మార్చి చూసింది. నిటారుగా లేచి మొగుడి మొహంలోకి చూసింది.

పెద్ద సారు గొంతు సవరించుకున్నాడు. "మేం చెబితే మీరు నమ్మరు. బాబాయి మీ సందులోవాడే. ఏం బాబాయ్, పేటకు అతికిందా లేదా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. కిరాణా కొట్టాయన, ఇస్త్రీ ఆవిడ, భార్య.

"అతికిందండీ," అన్నాడు.

చేతులు లేచాయి. ఆమె చెయ్యి అందరికంటే ఆలస్యంగా, భుజం దాకా లేచి దిగిపోయింది.

సభ అయ్యాక ఇంటికి నడిచారు. మేడమెట్ల మీద ఆమె ముందు, ఆయన వెనక. గదిలోకి వచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది:

"నమూనాలో ఇళ్ల ఎత్తు పెంచారు కదూ?"

ఆయన కుండలోంచి నీళ్లు ముంచుకున్నాడు.

"గోదాము కప్పు నా కిటికీకి సమానం. ఇన్నేళ్లూ దాని మీది పావురాలతో కళ్లు కలిపి కుట్టుకుంటున్నా. దాని మీద ఎన్ని అంతస్తులు లేస్తే ఎంత ఎత్తొస్తుందో నాకు తెలీదా?"

"తెలిస్తే చెయ్యెందుకెత్తావు?"

"అంతమందిలో మా ఆయన అబద్ధమాడుతున్నాడని చెప్పమంటారా?"

ఆయన తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

"కిటికీ పోతే పోయింది. దీపం పెట్టుకుని చచ్చేదాన్ని. 'ఇది నా నెత్తిన పడింది, ఏం చెయ్యమంటావు' అని నన్ను ఒక్క మాట అడిగి ఉంటే... ఎప్పుడడిగారులే."

దుప్పటి తీసి మిషను మీద కప్పింది. మూలలు లాగి ముడివేసింది.

"పొద్దున చెల్లెలింటికి పోతాను. వాళ్ల వరండాలో ఎండ బాగా పడుతుంది."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"మిషను తీసుకెళ్తున్నాగా."

తెల్లవారి బండి వచ్చింది. మిషను బరువు. ఆయనే ఎత్తుకుని, మెట్టుమెట్టుకూ మోకాలు ఆనించి దింపాడు. ఆమె మూటతో పక్కన కూర్చుంది. "బియ్యం డబ్బా మూత గట్టిగా పెట్టండి, పురుగులు చేరతాయి," అంది. బండి సందు మలుపు తిరిగింది. ఆయన పైకొచ్చాడు.

కిటికీలోంచి ఎండ నేరుగా గదిలోకి పడుతోంది. పొద్దు వాలితే కళ్లు ఆనవని ఆమె పగలే దారం ఎక్కించి పెట్టుకున్న సూదులు, రంగుకొకటి, కిటికీ చెక్కలో గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి.