గోకని చారలు

ఏడో నెల పడ్డ రోజు నుంచి నిమిష చేతులకు సంచులుండేవి. పాత పంచె చింపి తల్లి రాధామణి కుట్టిన సంచులవి. పడుకునే ముందు కూతురి చేతులు రెండూ అందులో దూర్చి, మణికట్టు దగ్గర నాడాతో ముడి వేసేది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట గోక్కుంటే చారలు పడతాయని ఆ కేరళ ఊళ్లో, చావక్కాడులో, ప్రతి ఆడదానికీ తెలుసు. ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, అది మాత్రం తెలుసు. పొట్ట మీద ఎర్రచీమలు పాకుతున్నట్టు దురద పెడుతుంటే నిమిష పళ్లు బిగబట్టి, దిండు కొరుక్కుని నెలలు గడిపింది తప్ప ఒక్క గోరు తగలనివ్వలేదు. చివరికి ఏమైంది? తొమ్మిదో నెల వచ్చేసరికి బొడ్డు కింద నుంచి తొడల దాకా ఎర్రగా, ఊదాగా చారలు తేలాయి.

"నిద్దట్లో గోకి ఉంటావే," అంది రాధామణి.

"చేతులకి సంచులుంటే ఎలా గోకుతానమ్మా?"

"సంచి పైనుంచే గోకావేమో, ఎవరు చూశారు?"

నిమిష ఆ మాట కూడా మింగేసింది. అలా మింగినవి లోపల చాలా పేరుకున్నాయి.

పాప పుట్టాక నూనె మర్దనకు కార్త్యాయని రావడం మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి, కొయ్యలాంటి చేతులు. పొద్దున్నే వచ్చి నిమిషను బల్ల మీద పడుకోబెట్టి, ఒళ్లంతా తైలం పట్టించి, ఆకులు వేసి మరిగించిన నీళ్లు నడుము మీద చరిచి చరిచి పోసి, పొట్టకు గుడ్డ బిగించి కట్టి వెళ్లేది. తొంభై రోజులూ అదే. తొంభయ్యో రోజున మొగుడి తరఫువాళ్లు వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకెళ్తారు.

ఎనభై ఎనిమిదో రోజున, పొట్ట మీద తైలం రుద్దుతుంటే, అక్కను పిలిచినట్టు చేచ్చీ అని పిలిచి నిమిష అడిగింది.

"నిజం చెప్పండి చేచ్చీ. ఈ నూనెకి చారలు పోతాయా?"

కార్త్యాయని వెనక్కి తిరిగి, రాధామణి పొయ్యి దగ్గరుందని చూసుకుని, గొంతు తగ్గించింది. "నలభై ఏళ్ల నుంచి రుద్దుతున్నా. ఒక్కదానికీ ఒక్క గీతా పోలేదు. నడుము నొప్పికి మంచిది, నిద్ర పడుతుంది. అంతే."

"మరి మా అమ్మ ముందు పోతాయన్నారుగా!"

"అనకపోతే ఊరుకుంటుందా మీ అమ్మ? నాకు మాత్రం నీ పొట్ట చూస్తే ఏమీ అనిపించదమ్మాయ్. దీన్ని మించినవి వెయ్యి చూశాను. మీ అమ్మదీ చూశాను."

నిమిష దిగ్గున లేచి కూర్చుంది. "అమ్మకీ ఉన్నాయా?"

"నువ్వెక్కడ పెరిగావనుకున్నావ్, ఆ పొట్టలో కాదూ? పడుకో, నూనె కారుతోంది."

తన పొట్ట మీద చారలు పెట్టుకుని, కూతురి చేతులకు సంచులు కట్టిన తల్లి! నిమిషకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట తల్లి మీద చూపించేలోపే గేటు దగ్గర స్కూటరు ఆగింది. ఆడబిడ్డ ప్రసీద వచ్చింది.

ప్రసీదకు గురువాయూర్‌లో బ్యూటీ పార్లరుంది. ఎవరి ముఖం చూసినా ముందు మచ్చలు కనిపిస్తాయి ఆవిడకు, మనిషి తరవాత. పాపను చూడటానికి వచ్చిన మొదటి రోజే నిమిష పొట్ట చూసి, "అయ్యో మోళే, నా తల్లీ, ఇంతలా గోక్కున్నావా!" అంది. అప్పటి నుంచి డబ్బాలు మోసుకొస్తూనే ఉంది. కోకో వెన్న అంది, ఉల్లిపాయ నూనె అంది, సూదులున్న చిన్న రోలరు తెచ్చి పొట్ట మీద దొర్లించింది. దానికి మంటపుట్టి నిమిష రెండు రోజులు బట్ట తగలనివ్వలేకపోయింది. కిందటి వారం త్రిశ్శూర్‌లో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ డాక్టరమ్మ మాత్రం తిన్నగా చెప్పింది. "గోక్కోవడానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఒళ్లు గబగబా పెరిగితే చర్మం లోపల చిట్లుతుంది, కొందరి ఒంటి తీరు అంత. నూనెలు, వెన్నలు దురదకి పనికొస్తాయి, చారల్ని తీసెయ్యవు. ఏడాది తిరిగేసరికి ఎరుపు పోయి వాటంతటవే తెల్లబడతాయి. ఒక క్రీము ఉంది, ఎర్రగా ఉన్నప్పుడు రాస్తే కొంత తగ్గొచ్చు, కానీ పాలిచ్చే తల్లికి నేనది రాసివ్వను. లేజరు కూడా పలచబరుస్తుందే గానీ తుడిచెయ్యదు. తొందరేముంది?"

ఇన్ని మాటల్లో ప్రసీద చెవిన పడ్డది ఒక్కటే. ఇవాళ స్కూటరు డిక్కీలోంచి పాలపొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"పాలు మాన్పించెయ్. క్రీము నేను తెప్పిస్తా. ఎర్రగా ఉన్నప్పుడే రాయాలంది కదా!"

"పాపకి మూడు నెలలు కూడా నిండలేదు చేచ్చీ."

"అందుకే ఇప్పుడే అలవాటు చెయ్యాలి. షిజిల్ ఎల్లుండి దిగుతున్నాడు. ఎనిమిది నెలల తరవాత వస్తున్న మొగుడికి ఈ పొట్టేనా చూపిస్తావ్? వాడితో మాట్లాడేశాను. 'నువ్వెలా చెప్తే అలా చేచ్చీ' అన్నాడు."

నిమిష తల్లి వైపు చూసింది. రాధామణి డబ్బా మీద అక్షరాలు చదువుతున్నట్టు నటించింది. "పెద్దవాళ్లు మంచికే చెప్తారు కదా," అని గొణిగింది.

పాప ఉయ్యాలలో లేచి ఏడ్చింది. అందరి ముందూ పాలిచ్చి, భుజాన వేసుకుని, నిమిష లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ పాలు ఎవరివి? ఆ పొట్ట ఎవరిది? షార్జాలో కూర్చుని ఫోన్లో తల ఊపేవాడికి ఏం తెలుసు? ఇలా తనలో తనే తిట్టుకుంటూ రెండు రోజులు గడిపింది. మొగుడితో ఎదురుగా మాట్లాడితే తనకే సాయం వస్తాడని ఒక మూల చిన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు.

తొంభయ్యో రోజున షిజిల్, తల్లినీ పిల్లనీ తీసుకెళ్లడానికి అక్క ప్రసీదతో కలిసి జీపులో వచ్చాడు. షార్జాలో జిమ్ముకు వెళ్తున్నాడని ఫోన్లో చూసినదే గానీ, మనిషి నిజంగానే గుమ్మానికి అడ్డంగా తయారయ్యాడు. పాపను ఎత్తుకున్నాడు, ముద్దులు పెట్టాడు. చేపల కూరతో అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఇదంతా చూస్తే నిమిషకు కోపం కాస్త మెత్తబడింది కూడా. బట్టలు మార్చుకోవడానికి గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అన్నాడు.

"చేచ్చి అంతా చెప్పింది. నాకేం పట్టింపు లేదు నిమ్మీ. కానీ పోగొట్టుకునే దారి ఉండగా ఎందుకలా వదిలెయ్యడం? డబ్బా పాలు తాగిన పిల్లలు పెరగట్లేదా? నువ్వు కాస్త చేతులు అదుపులో పెట్టుకునుంటే ఇంత దూరం వచ్చేదే కాదు."

"నేను గోకలేదు."

"సరేలే, ఇప్పుడు దాని గురించి ఎందుకు," అంటూ చెమటకు తడిసిన చొక్కా విప్పాడు.

అప్పుడు చూసింది నిమిష. చంకల దగ్గర నుంచి భుజాల పైదాకా, రెండు వైపులా, ఎర్రగా, ఊదాగా చారలు. అచ్చం తనవే. అదే రంగు, అదే వంకర.

మెత్తబడిన కోపం ఒక్క ఉదుటున తిరిగొచ్చింది.

"ఏట్టా, ఇవేంటి?" మొగుణ్ని ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే అడిగింది.

"ఇవా? కండ పెరిగితే వస్తాయి," అన్నాడు షిజిల్, కాస్త గర్వంగానే. "జిమ్ములో అందరికీ ఉంటాయి."

"ఎప్పుడు గోక్కున్నారు?"

"ఏంటీ?"

"ఎప్పుడు గోక్కున్నారని అడుగుతున్నా. నిద్దట్లోనా?"

నిమిష తలుపు బార్లా తీసింది. "ప్రసీద చేచ్చీ! అమ్మా! కార్త్యాయని చేచ్చీ, మీరు కూడా రండి!"

ముగ్గురూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. షిజిల్ చొక్కా కోసం తడుముకున్నాడు. అది నిమిష చేతిలో ఉంది.

"చూడండి. మీ తమ్ముడు ఎంత గోక్కున్నాడో చూడండి! ఉల్లిపాయ నూనె రాయండి. రోలరు దొర్లించండి. వచ్చేదాకా ఆగడమెందుకు, విమానాశ్రయంలోనే డబ్బా పట్టుకుని నిలబడాల్సింది! ఈ భుజాలు నాకు చూపించడానికి ఈయనకి సిగ్గు లేదా అని అడిగారా ఎవరైనా?"

"మగాడి ఒంటికేం..." అని మొదలుపెట్టిన ప్రసీద, తమ్ముడి భుజం వైపు మరోసారి చూసి ఆగిపోయింది. మచ్చలు వెతికే ఆ కళ్లకు ఇన్నాళ్లూ ఫోన్లో అవి కనిపించనే లేదు. కార్త్యాయని పైట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు.

నిమిష బీరువా తెరిచి, మడత పెట్టి ఉన్న రెండు సంచులూ తీసింది. నాడాలు కూడా అలాగే ఉన్నాయి. రాధామణి వాటిని చూసి తల దించుకుంది. నిమిష సంచులు తెచ్చి మొగుడి చేతుల్లో పడేసింది.

"రోజూ ఇవి కట్టుకుని పడుకోండి. ముడి మా అమ్మ వేస్తుంది, బాగా వేస్తుంది."

పాలపొడి డబ్బా ప్రసీద చేతిలో పెట్టింది. తరవాత పాపను తీసుకుని, అందరూ చూస్తుండగానే మంచం మీద కూర్చుని పాలిచ్చింది. బయట జీపువాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఆగమనండి," అంది నిమిష. "పిల్ల తాగుతోంది."

ఆగమని చెప్పడానికి రాధామణే పరుగెత్తింది.