హీటరు

"నాబ్ సరిగ్గా తిప్పావా?" అన్నాడు భర్త, దుప్పట్లోంచి తల బయటపెట్టకుండానే.

తిప్పింది. ఎర్రగీత చివరిదాకా తిప్పింది. ఆయనే దగ్గరుండి రిపేరు చేయించుకొచ్చిన నాటినుంచీ ఆ కారు హీటరు చల్లగాలే ఊదుతోంది. తెల్లవారక ముందే ఆస్పత్రి డ్యూటీకి అందులో వెళ్ళేది ఆమె ఒక్కతే. రేడియేటర్లో నీళ్ళు సరిపడా ఉన్నాయి, ఇంజను వేడి చూపే ముల్లు మధ్యకొచ్చి నిలబడుతోంది, ఫ్యాను తిరుగుతోంది. మరి వేడి ఎక్కడికి పోతున్నట్టు? "చలెక్కడుంది? అంతా నీ భ్రమ" అంటాడాయన. ఆమె నడుంనొప్పినీ అదే మాటతో కొట్టిపారేశాడు. "అనుమానం పెనుభూతమమ్మా, వాడు చెప్పాక ఇంకేమిటి?" అంటుంది అత్తగారు, కోడలు కలిపిచ్చిన కాఫీ గ్లాసుతో అరచేతులు కాచుకుంటూ. కాబోలనుకుని, రోజూ బయల్దేరే ముందు, కట్టుకున్నవాణ్ణి శంకిస్తున్నాను, క్షమించు స్వామీ అని లెంపలు వేసుకుంటోంది. కానీ ఇవాళ వార్డులో ఓ పెద్దాయన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు: "నాడి చూస్తున్నావా తల్లీ, ఐసుముక్క పెడుతున్నావా?" ఆయనకేం భ్రమ?

డ్యూటీ దిగి, ఆస్పత్రి ఆవరణలోనే బానెట్ ఎత్తింది. హీటరుకి వేడినీళ్ళు తీసుకెళ్ళే గొట్టమొకటి, తిరిగి తెచ్చేదొకటి ఉంటాయని విన్నది. వేలితో తాకుతూ వెళ్ళింది. మొదటిది వేడిగానే ఉంది. కానీ కారు లోపలికి పోలేదు. దారిలోనే వంగి, రెండోదానికి అతుక్కుని, మళ్ళీ ఇంజనులోకే వెళ్ళిపోయింది. లోపలికి నీళ్ళు పోవలసిన మూతులు రెండూ ఎండి ఉన్నాయి.

తిన్నగా కారు రిపేరు చేసిన షెడ్డుకే వెళ్ళింది.

"లోపలి హీటర్లోంచి నీళ్ళు కారేవమ్మా" అన్నాడు మెకానిక్. "మార్చాలంటే ముందు భాగమంతా విప్పాలి. సారు వద్దని, రెండు గొట్టాలూ కలిపేయమన్నారు. మీకు చెప్పలేదా?"

"వేడి రాదని ఆయనకు చెప్పారా?"

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"చెప్పానమ్మా. పొద్దున్నే నడిపేది ఆవిడే కదా, శాలువా కప్పుకుంటుందిలే అన్నారు."

ఇంటికొచ్చి వంట చేసింది, వడ్డించింది.

మర్నాడు చీకటితో లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. లెంపలు మాత్రం వేసుకోలేదు. వెళ్ళి భర్త దుప్పటి లాగింది.

"లేవండి. ఇవాళ్టినుంచి నన్ను ఆస్పత్రిలో దింపేది మీరే."

"ఈ చలిలోనా?" అన్నాడాయన. అని, నాలిక కరుచుకున్నాడు.

ఆమె భుజం మీది శాలువా తీసి ఆయన చేతికిచ్చింది.