వంటాముదం మీద పన్ను

ఆముదపు గింజలు వేయించేటప్పుడు చెయ్యి ఆపితే మాడిపోతాయి. అందుకే వీధరుగు మీద మొగుడు పన్ను గుమాస్తాతో వాదిస్తున్నా, రత్నమాణిక్యం వంటింట్లో గరిటె వదలకుండానే వింటోంది.

ఆమె మొగుడు పెద్దిరాజు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల్లో చేరి, కాలవల మీద ముప్పై ఏళ్లు ఓవర్సీరు పని చేసి, రెండేళ్ల కిందట పింఛను పుచ్చుకున్నాడు. నెలకి నలభై రూపాయలు. ఇప్పుడు సర్కారు రాబడి మీద పన్ను తెచ్చింది. ఇంటి రాబడి ఏడాదికి అయిదువందలు చేరితే పది రూపాయలు కట్టాలట.

"పింఛను రాబడి ఎలా అవుతుందండీ అప్పాజీ గారూ? గట్ల వెంట ఎండలో తిరిగి అరిగిన ఒళ్లండి ఇది. ఎప్పుడో పడ్డ కష్టానికి ఇస్తున్నారు. దాని మీద కూడా పన్నేంటండి?"

ఆ మాటా నిజమే అనుకుంది రత్నమాణిక్యం. ఆ కష్టం ఆమె కళ్లారా చూసిందే. చీకటితో లేచి చద్దన్నం మూటగట్టి పంపింది, బురద పంచెలు ఉతికింది. పింఛను వచ్చిన రోజున ఊళ్లో అందరూ ఆయన్ని విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ విశ్రాంతిని వండి వడ్డిస్తున్నది మాత్రం ఆమే. మునుపు పగటిపూట కాసేపైనా ఇల్లు ఆమెది. ఇప్పుడు పొద్దున్నే వేణ్ణీళ్లు, రెండుపూటలా వేడన్నం, మధ్యలో మజ్జిగ, సాయంత్రం కబుర్లకొచ్చే నలుగురికీ తమలపాకులు. ఆయన పని మానినప్పటినుంచీ ఆమెకి పని పెరిగింది. ఒళ్లు మండేది కానీ ఎవరితో చెప్పుకుంటుంది? "నీకేమే, నీడపట్టున ఉంటావు" అనేది అత్తగారు. ఆవిడ పోయింది గానీ ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

"పింఛనూ లెక్కేనండి, చట్టంలో రాసుంది" అన్నాడు అప్పాజీ. "అయినా మీది నాలుగొందల ఎనభయ్యే కదండి. ఇంకో రాబడి లేకపోతే పన్నే లేదు. లోపల ఏదో వేగుతున్నట్టుందే?"

"ఆముదమండి. మా ఆడవాళ్లు పొద్దుపోక వండుకుంటారు."

అలా అని లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమేవ్, దీనిమీద ఏడాదికెంతొస్తుంది?"

"నలభై దాకా వస్తుందండి."

అంతొస్తుందని ఆయనకి తెలీదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు మరి. "అయితే మానెయ్. అయిదొందలు దాటిపోతాం. పింఛనుదారు పెళ్లాం నూనె అమ్ముకోడమేంటి, నామర్దా."

పది మిగుల్చుకోవడానికి నలభై పారబొయ్యమంటున్నారు, కాలవల కొలతలన్నీ వేళ్లమీద లెక్కకట్టిన ఓవర్సీరు గారు. ఊళ్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా తలకి పెట్టడానికి ఈమె వంటాముదమే పట్టుకెళతారు. గింజలు దంచి దంచి ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఆ డబ్బుతోనే కిందటేడు కూతురి పురిటికి మంత్రసానిని ఎవర్నీ అడక్కుండా పిలిపించింది. ఒకరి ముందు చెయ్యి చాపకుండా ఆమె చేసిన ఖర్చు ఏదైనా ఉంటే అందులోంచే. అది పోతే మళ్లీ ఉప్పుకీ కుంకానికీ కూడా ఆయన మొహం చూడాలి. రత్నమాణిక్యానికి భయం వేసింది.

పెద్దిరాజు అరుగు మీదికెళ్లి, "వేరే రాబడేం లేదండి, రాసేసుకోండి" అన్నాడు.

ఆమె మూకుడు దించి, చేతులు తుడుచుకుని తలుపుచాటుకొచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ల కాపురంలో పరాయి మగవాళ్లకి ఆమె గొంతు వినిపించింది లేదు.

"ఉందండి అప్పాజీ గారూ. ఈ ఆముదం అమ్మితే ఏడాదికి నలభై వస్తుంది. ఆ పది రూపాయలూ అందులోంచి నేను కడతాను."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు పెద్దిరాజు, అటు తిరక్కుండానే.

అప్పాజీ కలం సిరాలో ముంచి, తలుపు వైపు చూడకుండా అడిగాడు. "ఏమని రాసుకోమంటారమ్మా?"

రత్నమాణిక్యం నెమ్మదిగా చెప్పింది. "ఈ ఇంట్లో పని మానినవారొకరు, ఇంకా పని చేస్తున్న మనిషి ఒకతె అని రాయండి."