పరుగమ్మ కూర్చుంది

నిండు చూలాలైన కూలి ఒకతె పాతబట్టల కుప్ప మీద నుంచి జారి పడినప్పుడు గోదాము తలుపుకు బయట తాళం ఉంది. తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంది. మేస్త్రీ టీ కొట్టు దగ్గర ఉన్నాడు.

"బట్టలు దాచుకుపోతారు దొంగముండలు" అని కాంట్రాక్టరు వేయించిన తాళం అది. ఆడవాళ్ళు రేకు తలుపును అరచేతులతో బాదారు. చేతులు వాచాయి గాని తలుపు కదల్లేదు. లారీ వచ్చి హారన్ కొట్టాకే తెరుచుకుంది. అప్పటికి ఆమె కింద పరిచిన చొక్కాలు, ఏ దేశపు మగవాళ్ళు తొడిగి పారేసినవో, నెత్తురుతో తడిసిపోయాయి. మనిషి బతికింది. బిడ్డ బతకలేదు.

అంతసేపూ చూలాలి తల పరుగమ్మ ఒళ్ళో ఉంది. పరుగమ్మ అంతా చూసింది. ఒక్క మాట అనలేదు.

పరుగమ్మ అని తల్లీతండ్రీ పెట్టింది కాదు. సరిహద్దు అవతల యుద్ధంలో మొగుణ్ణీ ఇంటినీ పోగొట్టుకుని, కూతుర్ని చంకనేసుకుని దాటొచ్చిన మనిషి ఆమె. గోదాములో బట్టలు వేరుచేసేవాళ్ళలో సగంమంది అలా దాటొచ్చినవాళ్ళే. అక్కడ సిపాయిలు ఊరి మీద పడేముందు విజిల్ ఊదేవారు. ఇక్కడ అన్నం వేళకు తలుపు తీసి విజిల్ ఊదుతారు. మొదటిరోజు అది మోగీ మోగగానే వీళ్ళంతా పిల్లలుండే పక్క షెడ్డులోకి ఉరికి, చేతికందిన పిల్లను ఎత్తుకుని చేలకు అడ్డంపడి పరుగెత్తారు. అందరికన్నా దూరం పోయింది ఈమె. తీరా చూస్తే చంకలో ఉన్నది ఎవరి పిల్లో. తన కూతురు షెడ్డులోనే ఉండిపోయింది.

ఇక్కడి ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. పేరు అలా పడింది. కాంట్రాక్టరు మాత్రం నవ్వలేదు. గుర్తు పెట్టుకున్నాడు.

ఆ షెడ్డు సంఘం గది. గోదాము గోడకు ఆనుకుని పాడుబడి ఉన్నదాన్ని ఇక్కడి ఆడకూలీలూ, ఆస్పత్రి ఉద్యోగం మానేసిన ఒక నర్సమ్మా కలిసి కడిగి సున్నం కొట్టుకున్నారు. పగలు పిల్లలు అందులో ఉంటారు. పని దిగాక ఆడవాళ్ళు గోడకు చేరగిలబడి కూర్చుంటారు. నర్సమ్మ జ్వరాలూ పుళ్ళూ చూసి, "ఇవాళ ఎవరు మాట్లాడతారు?" అంటుంది. ఎవరూ మాట్లాడకపోతే "సరే, కూర్చుందాం" అంటుంది. నారు పీకి వేరే మడిలో నాటితే వేరు పట్టేదాకా వాడుతుంది, దాన్ని లాగి చూడకూడదని ఆవిడకు తెలుసు.

దాటొచ్చిన దారి దుమ్ముకు ఆగకుండా దగ్గిన కూతురు ఆ గదికి అలవాటు పడ్డాక దగ్గడం మానేసింది. పరుగమ్మకు ఈ లోకంలో కావలసింది ఆ గది. అది పోతుందేమోనన్న భయంతోనే ఆమె నోరు కట్టుకుంది.

బిడ్డ పోయిన సాయంత్రం గది కిక్కిరిసింది.

"తాళం తీసేదాకా పనిలోకి పోవద్దు," అంది పళ్ళూడిన పెద్దమ్మ. ఆ గోదాములో అందరికన్నా పాత కూలి ఆమె.

"మనం పోం. మరి దాటొచ్చిన వీళ్ళు?" అని లేచింది బేళ్ళక్క. బట్టల్ని నొక్కి బేళ్ళు కట్టే మనిషి. పడిపోయిన చూలాలు ఆమె సొంత చెల్లెలు. "వీళ్ళు రాకముందు తాళం ఉందా? సగం కూలికి తలొంచి వచ్చారు, వాడికి మనమంతా అలుసయ్యాం."

"ఆకలికి వంచాం అక్కా తల. మీ మీద పగతోనా?" అంది దాటొచ్చినవాళ్ళలో ఒకతె.

"విజిల్ ఊదితే కుందేళ్ళలా దూకుతారు. మీతో సమ్మె చేస్తే గడ్డివాముకి నిప్పుని కాపలా పెట్టినట్టే."

మూల చాప మీద పడుకున్న చెల్లెలు తల తిప్పింది. "నా తల ఎవరి ఒళ్ళో ఉందో నాకు తెలుసక్కా. నువ్వు కాస్త కూర్చో."

అంతలో గేటు దగ్గర విజిల్ మోగింది. పొడుగ్గా. దాటొచ్చినవాళ్ళు లేచారు, పిల్లల్ని ఎత్తుకున్నారు, పోయారు. గది సగం ఖాళీ. మేస్త్రీ గుమ్మంలోకి తొంగిచూసి, "మీటింగు అయిపోయిందా అమ్మలూ?" అన్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆ పైన కబురొచ్చింది: సోమవారానికి షెడ్డు ఖాళీ చేయాలి, కాంట్రాక్టరుగారు బేళ్ళు పెట్టుకుంటారు.

అప్పుడు పెద్దమ్మ సంతలో ఒక ప్లాస్టిక్ విజిల్ కొనుక్కొచ్చి చాప మధ్యలో పడేసింది.

"ఊదండే. నేనే ఊదుదును గాని, పళ్ళు లేవుగా, గాలంతా పక్కనుంచి పోతోంది."

ఎవరూ ముట్టుకోలేదు. పెద్దమ్మ బుగ్గలు పొంగించి ఊదితే కుయ్‌మంది. ఎవరో కిసుక్కుమన్నారు. అది చేతులు మారింది. ఊదినావిడ ఊది, సిపాయిలు ఊరి మీద పడ్డప్పుడు తనకేం కనబడిందో చెప్పేది. కాలుతున్న కొట్టం. వాగులో చెప్పు. పిల్లలు మధ్యలో దూరి, నాకంటే నాకని కొట్టుకున్నారు.

పరుగమ్మ పెదవుల దగ్గర పెట్టుకుంది. శబ్దం రాలేదు. చేయి దించేసింది.

"మా ఊళ్ళో విజిల్ మోగిననాడు నాకు ఇద్దరు పిల్లలు," అంది. "ఒకళ్ళనే ఎత్తుకోగలిగాను."

బేళ్ళక్క అవతలి గోడ దగ్గర నుంచి లేచొచ్చి ఆమె పక్కన కూలబడింది.

"సోమవారం మనం గదిలోంచి లేవకూడదు గాని, విజిల్ మోగితే నా కాళ్ళు నా మాట వినవక్కా," అంది పరుగమ్మ. "నన్ను మధ్యలో కూర్చోబెట్టండి. లేస్తే లాగండి."

"లాగుతాలే. బేళ్ళు లాగిన చేతులు. నువ్వెంత."

సోమవారం కాంట్రాక్టరు వచ్చాడు, వెనక పోలీసు వ్యాను వచ్చింది. ఆడవాళ్ళు గది నిండా కూర్చుని ఉన్నారు. మేస్త్రీ విజిల్ తీశాడు.

మోగగానే పరుగమ్మ లేచింది. చేతులు పిల్లకోసం గాలిలో వెతికాయి. బేళ్ళక్క మణికట్టు పట్టి లాగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ లాగింది. చుట్టూ దాటొచ్చినవాళ్ళు ఒకరి భుజంలో ఒకరు ముఖం దాచుకుని వణుకుతున్నారు. ఒకామె బట్టలు తడిసిపోయాయి, అయినా కదల్లేదు. పిల్లలకు మాత్రం అది ఆటే. ఒక పోరి మూలనుంచి ప్లాస్టిక్ విజిల్‌తో ఎదురూదింది. మేస్త్రీ ఊదీ ఊదీ దగ్గుతెచ్చుకున్నాడు. పరుగమ్మ కూర్చుంది.

వ్యానులోంచి దిగిన పోలీసు అధికారి ముందుకొచ్చాడు. "దాటొచ్చినవాళ్ళు ఇటు రండి. కేసు పడిందంటే వచ్చిన దారినే పంపించేస్తాం."

ఆ దారి ఎటు పోతుందో వాళ్ళకు తెలుసు.

బేళ్ళక్క లేచి చీపురు దులిపినట్టు బట్టలు దులుపుకుని వ్యాను వైపు నడిచింది.

"నిన్ను కాదు," అన్నాడు అధికారి.

"ఏం, నాకేం తక్కువ? షెడ్డు ఖాళీ చేయనన్నది నేను. ఎక్కించు."

"జరగవే," అంటూ పెద్దమ్మ ఆమె వెనకే ఎక్కింది. "నాకు కిటికీ పక్క కావాలి. కడుపులో తిప్పుతుంది."

నర్సమ్మ ఎక్కింది. ఇక్కడి ఆడవాళ్ళు వరసపెట్టి ఎక్కారు. పోలీసులు వద్దంటున్నా ఎక్కారు. వ్యాను వెనక్కి ఒరిగింది. ఇంకొక మనిషికి చోటు లేదు. బేళ్ళక్క కిటికీలోంచి చేయి చాపి, "నా కొడుకు నిద్రలేస్తే ఏడుస్తాడు, ఎత్తుకో," అంది.

"నువ్వెళ్ళి రా అక్కా. ఇక్కడ మేమున్నాం," అంది పరుగమ్మ.

వ్యాను పోయింది. కాంట్రాక్టరు కాసేపు నిలబడి, అరిచి, వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఎండవేళ మేస్త్రీ ఒక్కడే వచ్చాడు. గోదాము ముందు సరుకు దించేవాళ్ళు లేక లారీలు ఆగిపోయి ఉన్నాయి.

"చూడండమ్మా, వాళ్ళంతా లోపలున్నారు. ఇదే మీకు సమయం. మీరు పనిలోకొస్తే రెట్టింపు కూలి. షెడ్డూ మీకే. సాక్షాత్తు కాంట్రాక్టరుగారి మాట."

పరుగమ్మ గుమ్మంలోకి వచ్చింది. ద్వారబంధం పట్టుకుంది.

"ముందు మావాళ్ళని విడిపించమను. గోదాము తాళం ఊడదీయమను. కూలి సంగతి అందరం కలిసి మాట్లాడతాం."

"మీవాళ్ళా?" మేస్త్రీ గొంతు లేచింది. "వాళ్ళు మీవాళ్ళెప్పుడయ్యారే?"

లోపల చాపల మీద పిల్లలు అడ్డదిడ్డంగా నిద్రపోతున్నారు. ఒకడు ఉలిక్కిపడి కదిలాడు.

"పిల్లలు పడుకున్నారు," అంది పరుగమ్మ. "మెల్లగా మాట్లాడు."

ఆమె వెనక నుంచి దాటొచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. గుమ్మం నిండిపోయింది.